నల్లరాతి మూత

అన్యాయం జరిగింది రాళ్లు కొట్టే వీరప్ప కూతురు కొమ్మసానికి. ప్రభవ నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి నాడు, సరిగ్గా పెళ్లిపీటల మీద.

అనగనగా పల్లపురమనే చదును రాజ్యం. దాని రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు ఉదయసేనుడు కొమ్మసానికి తాళి కట్టబోతుంటే, ఏడు సముద్రాల అవతలి నుంచి ధూమకేశుడనే మాంత్రికుడు పొగలా దిగాడు. తనను పెళ్లికి పిలవలేదట! పెళ్లికొడుకును పొట్టేలుగా మార్చేశాడు.

"నా ప్రాణం చిలకలో ఉంది. చిలక ఈ మైదానం కిందే, నల్లరాతి మూత అడుగున ఉంది. వెతుక్కోండి!" అని నవ్వి మాయమయ్యాడు.

పెద్ద రాకుమారుడు ఏడాది తవ్వించాడు. చిలక దొరకలేదు, ఎలుకలు దొరికాయి. రెండోవాడు ఏడాది జోస్యులను మేపాడు. చిలక దొరకలేదు, జోస్యులకు బొజ్జలొచ్చాయి. అప్పుడు కొమ్మసాని కొంగు బిగించింది.

"నువ్వేం చేస్తావు కొమ్మీ?" అంది పొట్టేలు.

"మీరు గడ్డి మేయండి దొరా. పని నేను చూసుకుంటా."

మైదానం అడుగున ఉన్న ఒక గుహలోకి దిగి, నేలను మోసే తాబేలును లేపింది. "తాతా, వీపు కాస్త ఎత్తవా?"

"ఎందుకే మనవరాలా?"

"నేల లేస్తే మన పల్లపురం ఏటికి వాలు పెరుగుతుంది. వాలు పెరిగితే కోత పెరుగుతుంది. మెత్తది కొట్టుకుపోతుంది, గట్టిది నిలబడుతుంది. రాళ్లు కొట్టేవాళ్లకు తెలియదా?"

ఏటిలోని వాలుగచేప ఆ మాట ఏటి చెవిన వేసింది. మూడు వానాకాలాలు తాబేలు వీపెత్తింది, మూడు వానాకాలాలు ఏరు కోసింది. నిజానికి లక్షల ఏళ్ల పని. పెళ్లికూతురి తొందర చూసి తాత జాలిపడ్డాడు.

చుట్టూ మట్టి దిగిపోయింది. నల్లరాయి కప్పిన చోటు మాత్రం పెద్ద పీటలా ఎత్తుగా నిలిచింది. కొమ్మసాని ఏరు కోసిన అంచు దగ్గర, మూత కిందికి చెయ్యి పెట్టి చిలకను లాగింది.

ధూమకేశుడు ఊడిపడ్డాడు. "నా మూత ఎవరే బయటపెట్టింది?"

"నువ్వే! మెత్తమట్టిలో దాచి ఉంటే గుర్తే ఉండేది కాదు. గట్టి మూత పెట్టి మాకు కొండంత గుర్తిచ్చావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని చిలక మెడ మీద వేలు పెట్టింది.

"అమ్మా, నా పీక!" అని అరిచాడు మాంత్రికుడు.

"ముందు పొట్టేలు సంగతి చూడు."

పొట్టేలు ఉదయసేనుడైంది, నోట్లో గడ్డిపరకతో సహా. మాంత్రికుడికి ఏటి నుంచి పైకి నీళ్లు మోసే ఉద్యోగం దొరికింది. చిలక పంజరంలో జామపండ్లు తింటూ లావెక్కింది. వరదలకు అందని ఆ పీఠభూమి మీద జనం ఇళ్లు కట్టుకున్నారు. ఆగిన పెళ్లి అయిదేళ్లకు పూర్తయింది; కొమ్మసాని, ఉదయసేనుడు అరవై ఏళ్లు చల్లగా ఏలారు.

నల్లరాతి మీద వీరప్ప చెక్కిన పెళ్లిరోజు ఇప్పటికీ చెరగలేదు: ఆంగీరస నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి.