వాగుపోరు సాక్షి

వాగుపోరులో రెండు కళ్లూ పోగొట్టుకున్న ముసలి బంటు గురవన్నకు రాచభరణం అడగడానికి కూతురు ఎర్రమ్మ ఆరోసారి కొలువుకొచ్చింది.

"మీ అయ్య ఆ పోరులో ఉన్నాడని పక్కన పోరాడినవాడెవడైనా చెప్పాలి," అన్నాడు దళవాయి కొండమరాజు.

"అందరూ ఆ వాగులోనే పోయారు దొరా. ప్రాణాలతో తిరిగొచ్చింది ఇద్దరే."

"ఇంకేం, ఆ రెండోవాణ్ణి పిలుచుకు రా!"

ఎర్రమ్మ ఆయన కాలికున్న బంగారు గండపెండేరం వంక చూసింది. "ముందు నిలిచి ఆ పోరు గెలిపించారనే కదా రాజుగారు తమకిది తొడిగారు! మరి మా అయ్య తమకు కనబడలేదా?"

కొలువంతా దళవాయి వైపు తిరిగింది. కనబడలేదంటే పెండేరం ఊడుతుంది.

"కనబడ్డాడు," అని చెమట తుడుచుకుంటూ భరణం పత్రం మీద ముద్ర వేశాడు.

ఇంటికొచ్చి చెబితే గురవన్న నవ్వలేదు. "నాకూ కనబడ్డాడమ్మా. ఈ కళ్లు ఆఖరున చూసింది పారిపోతున్న ఆయన వీపునే."