తావూస్ బీబీ విన్న పుట

గోల్కొండ నుంచి పారసీక దేశంలోని హమదాన్ చేరి తొమ్మిదేళ్ళు చదువుకున్న మునీర్‌కి ఇప్పుడు కావలసింది ఒక్క కాగితం. ఇతను పాఠం చెప్పడానికి తగినవాడేనని గురువు రాసిచ్చే పత్రం. అది చేతికొస్తే గోల్కొండ మదరసాలో కొలువు సిద్ధంగా ఉంది. రాకపోతే ఎల్లుండి బయలుదేరే బిడారు అతన్ని వదిలేసి పోతుంది, ఆ కొలువు ఇంకొకరికి దక్కుతుంది.

మనవాడికి ఆ విషయంలో ఇసుమంత అనుమానం లేదు. అరబ్బీ, పారసీ, హీబ్రూ మూడూ కొట్టిన పిండి. ఎవరైనా పద్యం ఎత్తుకుంటే చాలు, ఏ ఛందమో, ఎన్ని తప్పులున్నాయో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. తప్పులు చెప్పేటప్పుడైతే ఇంకాస్త హుషారు.

"పత్రం రాసివ్వండి, ఉస్తాద్," అన్నాడు.

ఉస్తాద్ కమాలుద్దీన్ అరలోంచి ఒక పాత పుట తీశాడు. "దీనికి అర్థం చెప్పు. రాసిస్తాను."

హీబ్రూ అక్షరాలు. ఇంతేనా అనుకున్నాడు మునీర్. పొద్దున కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా పెదవి కదపలేదు, తల ఎత్తలేదు. నిఘంటువులన్నీ తిరగేశాడు. ఒక్క మాటకీ ధాతువు దొరకలేదు. చివరికి పుట తెచ్చి గురువు ముందు పెట్టాడు.

"ఇది హీబ్రూ రానివాడెవడో రాసింది. తలా తోకా లేదు. దీంతో నన్ను పరీక్షించడం న్యాయం కాదు."

గురువు చెప్పులేసుకుని అతన్ని యూదుల వీధికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక గడప దగ్గర తావూస్ బీబీ ఉన్ని వడుకుతోంది. అక్షరం ముక్క రాని ముసలమ్మ.

"బీబీ, మా వాడు మీకో పుట చదివి వినిపిస్తాడు," అన్నాడు గురువు.

మునీర్‌కి తల కొట్టేసినట్టయింది. నాకే అంతుబట్టనిది ఈవిడకి తెలుస్తుందా? అయినా కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

రెండో పాదానికి కదురు ఆగింది. నాలుగో పాదానికి ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది.

"కూతురు అత్తింటికి వెళ్ళేటప్పుడు మా ఇళ్ళల్లో పాడతాం నాయనా ఇది. మా అమ్మ నాకు పాడింది. కాస్త మెల్లగా చదువు."

అప్పుడు వినపడింది మునీర్‌కి, తన నోటి నుంచి వస్తున్నదేమిటో. అది హీబ్రూ కాదు, పారసీ. ఆ వీధంతా మాట్లాడే పారసీ, తొమ్మిదేళ్ళుగా తానూ మాట్లాడుతున్న పారసీ. ఈ యూదులు దాన్ని తమ లిపిలో రాసుకున్నారు, అంతే.

"తప్పు రాసినవాళ్ళది కాదమ్మా, నాది," అని గడప కింద చతికిలబడి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కడా తడబడకుండా చదివాడు. ముసలమ్మ గొంతు కలిపింది.

పాట అయ్యేలోగా గురువు అక్కడే కూర్చుని పత్రం రాసేశాడు. మునీర్ అందుకుని చూసుకున్నాడు. శిష్యుడు ఎవరి ముందు చదివి నేర్చాడో ఆ గురువు పేరు అందులో రాయడం ఆచారం. అక్కడ కమాలుద్దీన్ పేరు లేదు. తావూస్ బీబీ అని ఉంది.

"ఈమె ఎవరని గోల్కొండలో అడుగుతారు, ఉస్తాద్."

"అడగనీ," అన్నాడు గురువు. "నువ్వు చెప్పే మొదటి పాఠం అదే."