రాజు చేత చిత్తం అనిపించిన మారెప్ప

అనగనగా అంటే ఎప్పుడనుకున్నారు? మా తాతకు తాత ఉయ్యాల్లో ఉన్నప్పుడే ఆయన అవ్వ దీన్ని పాతకథ అనేదట. అంత వెనకటి మాట. వినేవాళ్లు ఊ కొట్టండి, నిద్ర వచ్చేవాళ్లు పడుకోండి.

ఒక రాజ్యం. దానికి తూర్పున ఏరు, వరిమళ్లు, రాజుగారి కోట. పడమట ఎర్రమట్టి, రాళ్లు, కొర్రచేలు. ఆ పడమట మూడు పల్లెలు. ఆ మూడు పల్లెలకూ ఒక్కడే చాటింపువాడు. వాడి పేరు మారెప్ప. వాళ్ల తాత చాటాడు, వాళ్ల నాన్న చాటాడు, ఇప్పుడు మారెప్ప చాటుతున్నాడు.

కోట నుంచి ఆజ్ఞ రాగానే తప్పెట భుజానికి తగిలించుకుని ఊరి నడుమ నిలబడేవాడు. మూడు దెబ్బలు కొట్టేవాడు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా!" అనేవాడు. తప్పెట మోగితే కూర్చున్నవాడు లేవాలి. చాటింపు ముగిస్తే విన్నవాడు "చిత్తం" అనాలి. అనకపోతే మూడు కొరడా దెబ్బలు. అన్నాక ఆ మాట దాటకూడదు. ఇది పెద్ద రాజుగారు, అంటే ఈ రాజుగారి తాత, పెట్టిన కట్టడి.

ఆ తర్వాత మారెప్ప కోటకు పోయేవాడు. మంత్రి అడిగేవాడు.

"జనం ఏమన్నారు?"

"చిత్తమన్నారు సామీ."

జనం మహా సంతోషంగా ఉన్నారని మంత్రి తాటాకు మీద రాసుకునేవాడు. కొరడా సంగతి తాటాకులో పట్టేది కాదు.

ఇలా ఉండగా పక్క దేశపు రాజు విందుకొచ్చి, తెల్లటి అన్నం తిని, ఆహా అన్నాడు. మన రాజు పొంగిపోయాడు. మనది వరిదేశమని నాలుగు దేశాలూ చెప్పుకోవాలన్నాడు. ఇక మీదట రాజ్యమంతా వరే వేయాలి, కొర్ర వేయకూడదు. మారెప్ప చాటాడు. ఆ సాయంత్రం పెళ్లాం సుంకులమ్మ గంజి పోస్తూ అడిగింది.

"ఏమయ్యా, వానే రాని చోట వరి యాడ పండుతాది? ఆ మాట రాజుకు చెప్పినావా?"

"నా పని చాటేది. అడిగేది కాదు" అన్నాడు మారెప్ప.

మొదటి ఏడు వరి నారులోనే ఎండింది. "జనం ఏమన్నారు?" "చిత్తమన్నారు సామీ."

రెండో ఏడు, శ్రద్ధగా నాటలేదు కాబట్టే ఎండిందనీ, మళ్లీ నాటమనీ ఆజ్ఞ వచ్చింది. మళ్లీ నాటారు, మళ్లీ ఎండింది. పశువులు సంతకు పోయాయి. ముసలివాళ్లు ఆకలి లేదని అబద్ధమాడి పడుకున్నారు. రాత్రుళ్లు దాచిన కొర్రలే జావ కాచుకుని పల్లెలు ప్రాణం నిలుపుకున్నాయి. "జనం ఏమన్నారు?" "చిత్తమన్నారు సామీ."

మూడో ఏడు మంత్రికి తెలివి పుట్టింది. విత్తనం ఉంటేనే కదా కొర్ర వేస్తారు! పున్నమిలోగా ప్రతి ఇంటి కొర్ర విత్తనమూ కోటకు చేరాలి, అక్కడ తగలబెడతారు. మారెప్ప మొదటి పల్లెలో చాటాడు. చాలాసేపటికి "చిత్తం" అన్నారు. రెండో పల్లెలో చాటాడు. ఒక ముసలాయన ఏడుస్తూ "చిత్తం" అన్నాడు. మూడోది సొంత ఊరు. అక్కడ సుంకులమ్మ విత్తనాల కుండ చంకన పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"తిండి లేకుంటే ఒక ఏడు పస్తుంటాం. విత్తనం పోతే మళ్లీ ఎవురు పుట్టిస్తారు? చిత్తమంటాంలే, కొరడా ఉండాది గదా. రాజు మాట మాకు మోసుకొస్తివి. మా మాట గూడా ఆయనకు మోసుకుపో."

"అవును మారెప్పా, మోసుకుపో" అన్నారు ఊరివాళ్లు.

మారెప్పకు సిగ్గేసింది. మూడు తరాలుగా ఈ దారిన మాట ఒకవైపే నడిచిందని అప్పుడు తట్టింది. భయం కూడా వేసింది. అయినా బయల్దేరాడు.

కొలువు నిండుగా ఉంది. మంత్రి అడిగాడు.

"జనం ఏమన్నారు?"

మారెప్ప నోరు తెరిచాడు. విన్నపం ఎలా చేసుకోవాలో వాడికి ఎవరు నేర్పారు గనక? వాడికి వచ్చింది ఒక్కటే. తప్పెట ముందుకు లాక్కున్నాడు. మూడు దెబ్బలు కొట్టాడు.

"ఇందుమూలంగా రాజుగారికీ, మంత్రిగారికీ, కొలువులోని యావన్మందికీ తెలియజేయడమేమనగా!"

తప్పెట మోగింది కదా, భటులు నిటారుగా నిలబడ్డారు. మంత్రి లేచాడు. తాత ఒళ్లో కూర్చుని ఆ కట్టడి నేర్చుకున్న రాజు కూడా లేచాడు.

"పడమట నీళ్లు లేవు! నీళ్లు లేని చోట వరి పండదు! కొర్ర విత్తనం జనం కాడనే ఉండాల!"

మళ్లీ మూడు దెబ్బలు.

"చిత్తం" అన్నారు భటులు. "చిత్తం" అన్నాడు మంత్రి. "చిత్తం" అనేశాడు రాజు.

మంత్రి నాలుక కరుచుకున్నాడు. రాజు మెల్లగా కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు, కట్టడి తెలిసినవాడు.

"విత్తనం విషయంలో మాట ఇచ్చేశాం. అది జనం దగ్గరే ఉంటుంది" అన్నాడు.

మారెప్ప దండం పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఆగు. నీ విషయంలో మేమే మాటా ఇవ్వలేదు" అన్నాడు రాజు.

మూడో రోజున మారెప్ప ఊళ్లో తప్పెట మోగింది. కొట్టేవాడు కొత్తవాడు. విత్తనం జనం దగ్గరే ఉండవచ్చనీ, పడమట కొర్ర వేసుకోవచ్చనీ చాటాడు. రెండేళ్లుగా ఎదురుచూసిన మాట అది. ఎగిరి గంతులు వేయాల్సిన జనం సుంకులమ్మ వైపు చూశారు.

"మారెప్ప యాడ?" అంది సుంకులమ్మ.

"ఆ మాట నాకు చెప్పి పంపలేదమ్మా" అన్నాడు కొత్తవాడు.

"మారెప్ప యాడ?" అన్నారు ఆడవాళ్లు.

"నాకు తెలీదు తల్లీ."

"మారెప్ప యాడ?" అంది ఊరంతా.

ఆ రోజు ఎవ్వరూ చిత్తమనలేదు. ఊరందరికీ కొరడా దెబ్బలు కొట్టాలంటే ఒక్కడి చెయ్యి చాలదు. కొత్తవాడు తప్పెట చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మారెప్పను చెరలో వేశారని కొందరు, ఏట్లో కలిపారని కొందరు అంటారు. నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను. తిరిగి మాత్రం రాలేదు.

ఆ రాజు పోయాడు, ఆ కోట పోయింది. తర్వాత ఎందరో వచ్చారు, ఎన్నో చాటించారు. ఇప్పటికీ ఆ పల్లెల్లో ఎవరొచ్చి ఏ ఆజ్ఞ చదివినా, అది ఎంత మంచి కబురైనా సరే, జనం వెంటనే తల ఊపరు. ముందుగా ఒక ఆడమనిషి లేచి "మారెప్ప యాడ?" అని అడుగుతుంది. వచ్చినవాడు జవాబు చెప్పలేడు. అప్పుడు తక్కినవాళ్లు తమ ప్రశ్నలు మొదలుపెడతారు.