కిర్రుచెప్పులు, మేస్త్రీ

దొరసాని కడుపులో ఒక మేస్త్రీ ఇల్లు కడుతున్నాడు. పుట్టబోయే బిడ్డ బతికినన్నాళ్లూ తలలో మోయాల్సిన ఇల్లు అది. మేస్త్రీకి చూపు లేదు. బయట పెళ్లి జరుగుతోందో, ఊరు తగలబడుతోందో తెలీదు. పైన దొరసాని గుండె నగారాలా మోగుతుండేది. అది చెప్పిందే అతనికి లోకం.

మొదట్లో నగారా నింపాదిగా మోగింది. మేస్త్రీ సంబరపడి పెద్ద వసారాకి ముగ్గు పోశాడు. వరసగా కిటికీలు పెట్టాడు.

దొరకి కిర్రుచెప్పులంటే మోజు. "చెప్పులు కిర్రుమనకపోతే దొరని ఎవడు లెక్కచేస్తాడు?" అనేవాడు. ఆ చప్పుడు వెనకే కేక వచ్చేది, కూర చల్లారిందనో, దీపం కొండెక్కిందనో. వీధిలో కిర్రుమనగానే దొరసాని చేతిలో పని ఆగిపోయేది. గుండె దడదడలాడేది. పాపం, ఆవిడ తప్పేముంది?

లోపల మేస్త్రీ తాపీ ఆపి అడిగాడు, "యుద్ధమా?"

నగారాకి మాటలు రావు. మోగడమే వచ్చు.

యుద్ధమే అనుకున్నాడు మేస్త్రీ. బిడ్డ మీద ప్రేమకొద్దీ వసారా ముగ్గు చెరిపేశాడు. కిటికీల చుట్టూ ఇటుకలు పీకి, వాటితో బురుజు లేపాడు. చీమ కదిలినా మోగేలా ప్రతి తలుపుకీ ఒక గంట కట్టాడు.

బిడ్డ పుట్టాడు. గరిటె కిందపడితే ఉలిక్కిపడేవాడు. కొంగు రెపరెపలాడినా గుక్కపట్టేవాడు. పాలు తాగుతూ కూడా పిడికిలి విప్పేవాడు కాదు.

"నా వంశంలో ఈ పిరికిపంద ఏమిటి? ఇంట్లో శత్రువెవడున్నాడని?" దొర కేకేశాడు.

దొరసాని ఆయన కాళ్లవైపు చూసింది. పెళ్లయ్యాక మొదటిసారి ఎదురు చెప్పింది.

"అవి గుమ్మం బయట విడిచి రండి."

"నా ఇంట్లో నేనా?"

"వీడి ఇల్లు కూడానండి."

దొర మొహం కందగడ్డయింది. బిడ్డ ఏడుపు ఆగలేదు. చాలాసేపటికి ఆయన బయటికెళ్లి, చెప్పులు విడిచి, వట్టికాళ్లతో వచ్చి ఉయ్యాల పక్కన కూర్చున్నాడు.

బిడ్డతోపాటే వచ్చి తలలో ఇంకా పని చేస్తున్న మేస్త్రీ చెవి ఒగ్గాడు. ఇప్పుడు మోగేది బిడ్డ సొంత నగారా. అది నెమ్మదించింది. అయినా ఒక్కపూట నెమ్మదిని ఏ మేస్త్రీ నమ్ముతాడు? తాపీ పట్టుకుని కాచుకున్నాడు.

మర్నాడూ దొర వట్టికాళ్లతోనే వచ్చాడు. ఆ తర్వాతా అంతే. గోడలింకా పచ్చిగానే ఉన్నాయి.

గుమ్మం బయట చెప్పులకి బూజు పట్టాక, మేస్త్రీ బురుజు గోడలోంచి ఒక ఇటుక ఊడదీశాడు. ఉయ్యాల్లో బిడ్డ పిడికిలి విప్పి, దొర వేలు పట్టుకున్నాడు.

గంటల జోలికి మాత్రం మేస్త్రీ పోలేదు.