గీరయ్య చొక్కా విప్పిన రోజు

అనగనగా ఒక అడవిలో... ఊహూఁ, అడవి వద్దు. ఆ సింహాన్నీ నక్కనీ ఎన్నిసార్లని లేపుతామర్రా, పడుకోనివ్వండి. ఈసారి సముద్రం ఒడ్డుకి పోదాం.

అక్కడ రెండు బండల మధ్య ఒక నీటి గుంట ఉండేది. సముద్రం ముందుకొస్తే గుంట మునిగిపోయేది. వెనక్కి వెళితే గుంటలో కాసిని నీళ్ళు మిగిలేవి. అప్పుడు పైన ఎండ మాడ్చేది. ఎండతో పాటు కొంగ కూడా వచ్చేది.

ఆ గుంటలో నాచమ్మ అని ఒక సముద్రపు నాచు ఉండేది. బండని గట్టిగా పట్టుకుని, జుట్టు విరబోసుకుని, నీళ్ళు ఎటు ఊగితే అటు ఊగేది. ఊగుతూ ఒకటే కబుర్లు. గుంటలో అందరికీ ఆమె అత్తే.

అక్కడే గీరయ్య అని ఒక పీత ఉండేవాడు. పేరుకి తగ్గ గీర. అతని కుడిచెయ్యి పెద్ద కత్తెరలా ఉండేది. దాన్ని టకటకలాడించకుండా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

ఒకరోజు గీరయ్య బండ మీద ఠీవిగా అడ్డంగా నడుస్తున్నాడు. నాచమ్మ జుట్టు మీద కాలు పడింది. అంతే! జర్రున జారి వెల్లకిలా పడ్డాడు. కాళ్ళన్నీ గాల్లో కొట్టుకున్నాయి. రొయ్యపిల్లలు కిసుక్కున నవ్వాయి.

"ఛీ! ఎవరిక్కడ ఈ పాచిని పెట్టింది?" అని అరిచాడు గీరయ్య.

అక్కడ ఎవరినైనా ఏమైనా అనొచ్చు గానీ, నాచమ్మని పాచి అనకూడదు.

"నాచు అబ్బాయ్, నాచు," అంది నాచమ్మ. "పాచి పళ్ళ మీద ఉంటుంది. నువ్వు తోముకుంటున్నావా?"

రొయ్యపిల్లలు ఈసారి పగలబడి నవ్వాయి. పీతకి పళ్ళు పొట్టలో ఉంటాయి మరి. ఎలా తోముకుంటాడు పాపం!

గీరయ్యకి ఒళ్ళు మండిపోయింది. "నిన్ను నున్నగా గొరిగేస్తాను చూడు!" అని కత్తెర ఎత్తాడు.

రొయ్యపిల్లలు నవ్వు ఆపి పరిగెత్తుకొచ్చాయి. "మామా, వద్దు మామా! ఎండలో అత్తే మాకు గొడుగు!"

"ఎండ ఒంటికి మంచిది," అన్నాడు గీరయ్య. కత్తిరించాడు.

ఒక చిన్న చేప వచ్చింది. "బాబాయ్, నా గుడ్లు ఆ జుట్టులోనే ఉన్నాయి!"

"అయితే వేరే ఇల్లు చూసుకో," అన్నాడు గీరయ్య. ఇంకాస్త కత్తిరించాడు. చేప ఏడుస్తూ గుడ్లన్నీ రాతి సందులోకి మోసుకుపోయింది.

చివరికి నత్త వచ్చింది. దాని మాట కూడా దాని నడకే. "బా...వా..." అంది.

గీరయ్య కచకచా కత్తిరిస్తున్నాడు.

"చొక్కా... మార్చు...కునే...టప్పుడు..."

కచకచ. కచకచ.

"ఎక్కడ... దాక్కుం...టావు?"

మాట పూర్తయ్యేసరికి పని కూడా పూర్తయింది. గీరయ్యకి అందని మూల గుప్పెడు జుట్టు మాత్రం మిగిలింది.

చొక్కా ఏమిటంటారా? పీత ఒళ్ళు పెరుగుతుంది గానీ, పైన పెంకు పెరగదు. అందుకని అప్పుడప్పుడు పాత పెంకు విప్పేయాలి. గుంటలో దాన్ని చొక్కా మార్చుకోవడం అంటారు. కొత్త పెంకు గట్టిపడేదాకా పీత వెన్నముద్దే. ఎవరు నోట్లో వేసుకున్నా కరిగిపోతాడు. అందుకే ఆ సమయంలో నాచమ్మ జుట్టులో దాక్కోవడం అక్కడి ఆచారం. అటు ఎవరూ తొంగి చూడకూడదు.

"నా చొక్కాకేం? ఇంకా కొత్తదే!" అన్నాడు గీరయ్య.

కొన్నాళ్ళకి ఆ కొత్త చొక్కా వీపు మీద బిగిసింది. తర్వాత చురచుర. తర్వాత ఫట్‌మని చిరిగింది! గీరయ్య మెత్తగా, తెల్లగా బయటపడ్డాడు. సరిగ్గా అప్పుడే సముద్రం వెనక్కి వెళ్ళింది. టప్ టప్‌మని కొంగ దిగింది.

గీరయ్య అటు పరిగెత్తాడు, బోడిబండ. ఇటు పరిగెత్తాడు, బోడిబండ. "అత్తా! నాచమ్మత్తా! చచ్చిపోతున్నాను, కాపాడు!" అని ఏడ్చాడు.

"రా నాయనా, రా. ఉన్నంతలో సర్దుకో," అంది నాచమ్మ. ఆ గుప్పెడు జుట్టే కప్పింది. తల దాచుకుంటే వెనక కనిపించింది. వెనక దాచుకుంటే తల కనిపించింది.

కొంగ వంగి చూసింది. "గీరయ్యగారు ఇంట్లో ఉన్నారా?"

"లేరు. ఊరెళ్ళారు," అన్నాడు గీరయ్య.

"మరి మాట్లాడేదెవరు?"

"నేను... నేను నాచుని."

"నాచుకి కళ్ళుంటాయా?" అంది కొంగ.

"కొత్తరకం!" అంది నాచమ్మ.

కొంగ ఆలోచనలో పడింది. కొంగలకి ఆలోచన కాస్త ఆలస్యం. కానీ ఆ పెద్ద కత్తెర చెయ్యి ఎంత దాచినా బయటే ఉంది. "ఈ నాచుకి చెయ్యి కూడా ఉందే!" అని లటుక్కున కొరికింది. చెయ్యి ఊడి కొంగ గొంతులోకి పోయింది. మళ్ళీ ముక్కు ఎత్తేలోగా దారి తప్పిన పెద్ద అల ఒకటి వచ్చి గుంటని ముంచేసింది. కొంగ తిట్టుకుంటూ ఎగిరిపోయింది. అల గీరయ్యని బండకేసి కొట్టబోతే, నాచమ్మ ఉన్న నాలుగు పోగులతోనే చుట్టి పట్టుకుంది.

"తప్పయిపోయింది అత్తా," అన్నాడు గీరయ్య వెక్కుతూ. "నిన్ను అంత అవమానించానే, నన్నెందుకు కాపాడావు?"

"కోపం రాలేదనుకున్నావా? వచ్చింది. కానీ నువ్వు పిలిచావు కదరా," అంది నాచమ్మ.

నాచమ్మ జుట్టు మెల్లగా పెరిగింది. గీరయ్యకి కొత్త చెయ్యి మొలిచింది, చిటికెన వేలంత. పక్క గుంట పీతలొచ్చి, "నీ పెద్ద చెయ్యేదిరా?" అని అడిగితే గీరయ్య ఏమనేవాడో తెలుసా?

"చొక్కా మార్చుకుంటూ జేబులో మరిచిపోయాను!"

నీతి: ఉక్రోషంతో ఇంటికప్పు పీక్కుంటే, వాన నీ నెత్తి మీదే పడుతుంది.