మంచం కోళ్ల కింద నీళ్లు

కోటిలింగం ఆశ్రమానికి వచ్చి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో అతను ఒక్క చీమనైనా చంపలేదు.

ఇది మాటవరసకు చెప్పేది కాదు. అతను నిజంగానే నేల చూసుకుంటూ నడిచేవాడు. చేతి మీద దోమ వాలితే, అది తాగి లేచేదాకా కదిలేవాడు కాదు. బియ్యంలో ముక్కపురుగులు కనబడితే చాటలో పోసుకుని కూర్చుని, ఒక్కొక్కదాన్నీ గోటితో పక్కకు నెట్టి, గోడ అవతల వదిలి వచ్చేవాడు.

అంతకుముందు అతను పట్నంలో పురుగుమందుల కొట్టులో పని చేశాడు. రైతులు తెగులు పట్టిన ఆకు తెచ్చి చూపిస్తే, చూసి సీసా తీసి ఇచ్చేవాడు. తమ్ముడు ఏడుకొండలు ఆ ఏడు పత్తి వేశాడు. పురుగు ఆగడం లేదన్నాడు. రెండు మందులు కలిపి కొట్టమని కోటిలింగమే చెప్పాడు. తమ్ముడు మిట్టమధ్యాహ్నం ఎండలో, మూతికి గుడ్డయినా కట్టుకోకుండా కొట్టాడు. చేలోనే పడిపోయాడు. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

కోటిలింగం మళ్లీ కొట్టుకు వెళ్లలేదు. గుండ్లకమ్మ ఒడ్డున నరసింగదాసు గారి ఆశ్రమానికి వచ్చి పడ్డాడు.

ఆశ్రమమంటే నాలుగు రేకుల గదులు, ఒక వంటిల్లు, వెనక కాస్త కూరగాయల తోట. నరసింగదాసు గారు ఒకప్పుడు మగ్గం నేసినవారు. ఎనభై దాటాయి. ఒక కంటికి చూపు పోయింది, రెండో కన్ను మసక. ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. కోటిలింగాన్నీ అడగలేదు.

వచ్చిన కొత్తలో అతను అన్నం ముట్టలేదు. నలభై ఏళ్లుగా అక్కడ వండి పెడుతున్న చెంచమ్మ రెండు రోజులు చూసింది. మూడో రోజు కంచం పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు పస్తుంటే నీ తమ్ముడు లేచొస్తాడా? నోరు తెరువు."

అతను తెరిచాడు. ఆమె ముద్ద పెట్టింది. వారం రోజులు అలాగే పెట్టింది.

ఇప్పుడా చెంచమ్మ మంచాన ఉంది. మొన్న ఎండాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. నోట మాట లేదు, కేకా లేదు. ఎడమచేతి రెండు వేళ్లు మాత్రం కాస్త ఆడతాయి. కళ్లు చూస్తాయి.

మొదట్లో కోటిలింగానికి తోట పని ఉండేది. చెంచమ్మ మంచాన పడ్డ ఏడే చిక్కుడు పాదుకు పేనుబంక పురుగు పట్టింది. లేత తీగలన్నీ నల్లగా, జిగటగా అయిపోయాయి.

"బూడిద చల్లు. లేదా వేపగింజలు నానబెట్టి ఆ నీళ్లు కొట్టు. మందు కూడా కాదు కదయ్యా అది," అన్నాడు తోటి శిష్యుడు మస్తానయ్య.

"చావడానికి ఏదైతేనేం," అన్నాడు కోటిలింగం.

పాదు ఎండిపోయింది. గురువుగారు ఎండిన తీగను చేత్తో తడిమి చూశారు.  తోటను మస్తానయ్యకు అప్పగించి, చెంచమ్మను చూసుకునే పని కోటిలింగానికి ఇచ్చారు.

అతను ఆ పని బాగా చేశాడు. ఒళ్లు తుడిచేవాడు, పక్క మార్చేవాడు, పుండ్లు పడకుండా గంటగంటకూ అటూ ఇటూ తిప్పేవాడు. జావ కాచి చెంచాతో పట్టేవాడు. కన్నతల్లికి కూడా ఇంతగా చేసేవాళ్లు లేరని చూడవచ్చినవాళ్లు అన్నారు. ఆ మాట అతనికి నచ్చింది.

ఆమె మంచం కోళ్ల కింద నాలుగు మట్టి మూకుళ్లు ఉండేవి. వాటిలో నీళ్లు పోసి ఉంచేవారు, చీమలు మంచం ఎక్కకుండా. మస్తానయ్య పెట్టినవి అవి. రోజూ పొద్దున చూస్తే నీళ్లలో చీమలు చచ్చి తేలుతుండేవి. కోటిలింగం ఆకు మీదికి వాటిని ఎత్తేవాడు. కొన్ని ఇంకా కాళ్లు ఆడిస్తుండేవి. వాటిని ఎండలో పెట్టి, లేస్తాయేమోనని కూర్చుని చూసేవాడు.

ఒకనాడు మూకుళ్లన్నీ తీసి బోర్లించాడు. మంచం చుట్టూ పసుపుతో గీత గీశాడు. గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

"మూకుళ్లు తీసేశాను గురువుగారూ. పసుపు గీశాను. చీమలు దాన్ని దాటవు. ఇక ఈ ఇంట్లో ఏ ప్రాణమూ పోనక్కర్లేదు."

గురువుగారు అతని మొహంలోకి చూడబోయారు. ఆ చూపుకు అతను ఎంత కనబడ్డాడో తెలియదు.

"గీత రోజూ చూసుకుంటావా?"

"చూసుకుంటాను."

"సరే," అన్నారు.

పది రోజులు బాగానే గడిచింది. పదకొండో రోజు ముసురు పట్టింది. నాలుగు రోజులు వాన వదల్లేదు. పెరట్లో చీమల పుట్టలన్నీ మునిగాయి. గదుల్లో నేల చెమ్మెక్కింది. పసుపు తడిసి, గచ్చుకు మరకలా అంటుకుపోయింది. నాలుగో రోజు పొద్దున కోటిలింగం దాన్ని చూశాడు. మధ్యాహ్నం మళ్లీ గీయాలనుకున్నాడు.

ఆ రోజు పొరుగూళ్లో పాత శిష్యుడొకాయన పోతే, గురువుగారూ మస్తానయ్యా పొద్దున్నే బస్సెక్కి వెళ్లారు. కోటిలింగం చెంచమ్మకు బెల్లం వేసి జావ పట్టాడు. కొంచెం ఆమె గడ్డం మీదికి కారింది. పైపైన తుడిచాడు. వచ్చి వసారాలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

రేకుల మీద వాన ఒకటే మోత. ఆ మోతలో అతని మనసు మెల్లగా నిలిచింది. కళ్లు మూస్తే రోజూ తమ్ముడి మొహం వచ్చేది, నురగ కారుతున్న మూతితో. ఆ రోజు రాలేదు. మూడేళ్లలో మొదటిసారి రాలేదు. అతను ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. లేచేటప్పటికి ఒళ్లు దూదిలా ఉంది.

నీళ్లు పట్టాలని లోపలికి వెళ్లాడు.

గోడ పగులులోంచి ఎర్ర చీమల బారు నేల మీదికి దిగింది. మంచం కోడు మీదుగా పైకెక్కింది. చెంచమ్మ గడ్డం మీద, మెడ ముడతల్లో, చెవి దగ్గర, కంటి కొసల్లో చీమలే. చచ్చుబడిన కుడిచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా కదులుతోంది. ఎడమచేతి రెండు వేళ్లు దుప్పటిని గీరుతున్నాయి. ఎప్పటినుంచి గీరుతున్నాయో, అక్కడ దారం లేచిపోయింది.

ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. అతన్నే చూస్తున్నాయి.

కోటిలింగం చెయ్యి ముందుకు వెళ్లి ఆగిపోయింది. గబగబా ఊదాడు. చీమలు ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. తువ్వాలు తీసి, నలగకుండా మెల్లగా దులపబోయాడు. ఒకటి రాలితే రెండు ఎక్కాయి. "అవ్వా, అవ్వా" అంటూ అక్కడే తిరిగాడు.

అప్పుడే గురువుగారు తడుస్తూ గుమ్మంలోకి వచ్చారు. వెనకే మస్తానయ్య.

 గురువుగారు మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మొహం దగ్గరగా పెట్టి, చీమల్ని వేళ్లతో నలపడం మొదలుపెట్టారు. కంటి కొసన ఉన్నవాటిని, గడ్డం మీదివాటిని, మెడ మీదివాటిని. చూపు ఆననిచోట చేత్తో తడిమి నలిపారు. అవి ఆయన వేళ్లనూ కుట్టాయి. మస్తానయ్య తడిగుడ్డ తెచ్చి చెంచమ్మ చేతిని తుడిచాడు, బారు మీద వేణ్నీళ్లు పోశాడు.

"మూకుళ్లు ఉంటే ఇంత జరిగేదా? మనిషి కంటే చీమ ఎక్కువైందా నీకు?" అన్నాడు మస్తానయ్య.

"ఒప్పుకున్నది నేను," అన్నారు గురువుగారు. "నువ్వెళ్లి డాక్టరును పిలుచుకురా."

మస్తానయ్య వానలోకి వెళ్లాడు.

గురువుగారు వసారాలో బకెట్ దగ్గరికి వచ్చి చేతులు కడుక్కున్నారు. ఆయన వేళ్ల నిండా నలిగిన చీమలు, కొంచెం నెత్తురు. కోటిలింగం ఏం చెయ్యాలో తెలియక చెంబు తీసుకుని, తనూ చేతులు కడుక్కోబోయాడు.

"నీవి శుభ్రంగానే ఉన్నాయి నాయనా," అన్నారు గురువుగారు.

కోటిలింగం చెంబు కింద పెట్టేశాడు.

లోపల చెంచమ్మ వేళ్లు ఇంకా ఆగలేదు. దుప్పటిని వదిలి, తలవైపు లేవాలని చూస్తున్నాయి. లేవలేక పడిపోతున్నాయి. కళ్లలోంచి నీళ్లు చెవిలోకి కారుతున్నాయి. గురువుగారు చాలాసేపు ఆ వేళ్లనే పట్టుకుని కూర్చున్నారు.

"చెవిలోకి పోయినట్టుంది," అన్నారు. "నాకు కనబడదు. నువ్వు చూడు."

కోటిలింగం దీపం పట్టుకుని చూశాడు. లోపల ఎర్రగా ఒకటి కదిలింది.

"ఉంది గురువుగారూ."

"నూనె గోరువెచ్చగా కాచి తీసుకురా."

తెచ్చాడు. గరిటె పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు.

"నూనె పోస్తే చచ్చిపోతుంది గురువుగారూ."

"అవును," అన్నారు ఆయన.

గదిలో ఇంకెవరూ లేరు. మస్తానయ్య ఇంకా రాలేదు. గురువుగారు చెంచమ్మ తలను రెండు చేతులతో పక్కకు తిప్పి పట్టుకున్నారు. ఎదురుచూశారు. తొందరపెట్టలేదు.

కోటిలింగం పోశాడు. ఒక చుక్క, ఇంకో చుక్క. ఆమె ఒళ్లు ఒకసారి జలదరించింది. కాసేపటికి చీమ నూనె మీదికి తేలింది. కాళ్లు ఆడించింది. ఆగిపోయింది. దూది పుల్లతో దాన్ని బయటికి తీశాడు.

చెంచమ్మ వేళ్లు ఆగాయి. అతన్ని చూస్తూనే కళ్లు మూసుకుంది.

డాక్టరు వచ్చి పూతమందు ఇచ్చాడు, సూది వేశాడు. కుట్టినచోటల్లా బొబ్బలు లేచాయి. మెడ మీదివి చీము పట్టాయి. కోటిలింగం ఆమె మంచం వదల్లేదు. మూకుళ్లు తెచ్చి మళ్లీ పెట్టాడు. రోజుకు నాలుగుసార్లు నీళ్లు మార్చాడు. గోడ పగులుకు సున్నం కూరాడు. జావ పట్టాక మొహం, మెడ, చెవుల వెనకా తడిగుడ్డతో తుడిచేవాడు. చీమ కనబడితే వేలితో నలిపేవాడు. ఎవరూ చెప్పకుండానే అన్నీ చేశాడు.

ఆమె మళ్లీ అతనివైపు చూడలేదు. జావ తాగేది, గోడవైపు చూసేది. చూపు అటే పడేదో, అతన్ని చూడదలుచుకోలేదో, అడిగి తెలుసుకునే దారి లేదు.

పదిహేడో రోజు తెల్లవారుతుండగా ఆమె పోయింది.

డాక్టరు పెద్దవయసు అన్నాడు. ఒంట్లో సత్తువేమీ లేదన్నాడు. చీమల మాట అతనూ ఎత్తలేదు, మస్తానయ్యా ఎత్తలేదు. ఏటి ఒడ్డున గుంత తీసి, కూర్చోబెట్టి, సమాధి చేశారు. మట్టి మెత్తగా ఉంది. పారతో తీసిన ప్రతి పెళ్లలోనూ ఏవో పురుగులు కదులుతున్నాయి. కోటిలింగం వాటిని చూడకుండా మట్టి పోశాడు.

అందరూ వెళ్లిపోయాక గురువుగారు ఒక రాయి మీద కూర్చుండిపోయారు. మబ్బు ఇంకా విడవలేదు. కోటిలింగం వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. 

"ఆ మధ్యాహ్నం నా మనసు నెమ్మదించింది గురువుగారూ," అన్నాడు. "తమ్ముడు పోయాక అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో. లోపల ఆమెను చీమలు తింటున్నాయి. నేను హాయిగా ఉన్నాను."

కోటిలింగం చేతికంటిన సమాధి మట్టిని దులుపుకున్నాడు.

"కొట్టులో కూర్చుని ఎన్ని కోట్ల పురుగుల్ని చంపించానో. వాడినీ చంపుకున్నాను. ఇక చంపనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు పట్టుకుని కూర్చుంటే ఇలా అయింది. చివరికి ఆ నూనె కూడా నా చేత్తోనే పోశాను."

 తర్వాత గురువుగారి మొహంలోకి చూశాడు.

"నేను పాపం చేశానా గురువుగారూ?"

గురువుగారు మసక కన్నుతో అతనివైపు తిరిగారు.

"ఏ రోజు?" అన్నారు.