ఒక్క దెబ్బకి ఏం పోతుంది?

సులోచనగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటారు, అడిగినవాళ్ళ ముఖం ఒకసారి చూస్తారు, "చూద్దాం" అంటారు. ఆ చూద్దాం ఒక్కోసారి ఆ పూటే తేలుతుంది, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. ఒకే ఆసుపత్రిలో కాన్పుల వార్డులో జీవితమంతా గడిపి రిటైరయిన మనిషిని, మంత్రసాని పని కొత్తగా నేర్చుకునే నర్సులకు గురువుగా ఉండమని అదే ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ పిలిపించారు. పాఠం చెప్పమంటే ఆవిడ నోరు విప్పరని, ఊరికే వెంట తిప్పుకుంటారని శిష్యురాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. ఎదురుగా మాత్రం అందరూ అమ్మగారూ అనే పిలిచేవారు.

ఆ శిష్యురాళ్ళలో ఝాన్సీ ఒకతె. పదకొండేళ్ళ సర్వీసున్న నర్సు, ఇద్దరు పిల్లల తల్లి. చేతిలో పనీ పదునే, నోట్లో మాటా పదునే. నేర్చుకోవాల్సింది తనకింకా ఏముందన్న అనుమానంతోనే శిక్షణకు వచ్చింది. ఒక ఉదయం తొలిచూలు పిల్ల ఒకతె ఆఖరి ఘడియలో ముక్కడం మానేసి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, నా వల్ల కాదని కేకలు పెట్టింది. లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతోంది. ఝాన్సీ ఆ పిల్ల తొడమీద ఛెళ్ళున ఒకటి చరిచి, మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకని అరిచింది. పిల్ల హడలిపోయి ముక్కింది. నీలంగా బయటపడిన బిడ్డ కాసేపటికి కేరుమంది. బయట ఉన్న బంధువులు ఝాన్సీకి చేతులెత్తి దణ్ణం పెట్టారు. గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసిన సులోచనగారు మాత్రం ఏమీ అనలేదు.

ఆ మౌనమే ఝాన్సీకి మండింది. తిట్టినా బాగుండేది. చేతులు కడుక్కుని తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"మీరు మెచ్చుకోకపోతే పోనీండి అమ్మగారూ, తప్పేమిటో చెప్పండి. బిడ్డ దక్కింది, తల్లి దక్కింది. ఒక్క దెబ్బకి ఏం పోతుంది?"

ఆ అడగడంలో పొగరుంది. నిజంగా తెలుసుకోవాలన్న కోరికా ఉంది. మనం కూడా ఆ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. ఆ బిడ్డ పోయి ఉంటే, పల్లెత్తు మాట అనకుండా చూస్తూ నిలబడ్డ నర్సును ఎవరు పొగిడేవారు? సులోచనగారు కళ్ళజోడు తుడుచుకుని, రేపు తనతో ఒక ఊరికి రమ్మన్నారు.

కొండ దిగువన ఉన్న ఆ ఊరికి బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. దారిలో సులోచనగారు చెప్పింది కొంచెమే. నూకరత్నం అనే పిల్లకు నెలలు నిండుతున్నాయి. ఒంట్లో రక్తం లేదు, కాళ్ళు పొంగాయి, బీపీ ఎక్కువగా ఉంది. ఇంట్లో కాన్పు జరిగితే ఆ పిల్ల బతకడం కష్టం. ఆశా కార్యకర్త నాలుగుసార్లు వెళ్ళి చెప్పినా, పెంచిన అమ్మమ్మ ఆసుపత్రి గడప తొక్కనివ్వనంటోంది. ఊళ్ళోకి అడుగుపెట్టే ముందు సులోచనగారు ఆగి, ఆ ఇంట్లో తన పేరు ఎత్తవద్దని మాత్రం గట్టిగా చెప్పారు. ఎప్పుడూ అమ్మగారూ అనే పిలిచే ఝాన్సీకి ఆ జాగ్రత్త ఎందుకో తెలియలేదు.

అమ్మమ్మ పేరు అప్పలనర్సమ్మ. రేకుల ఇంటి ముందు కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పక్కన నులకమంచం మీద నూకరత్నం, పాలిపోయిన ముఖంతో, ఉబ్బిన పాదాలు చాపుకుని పడుకుని ఉంది. సులోచనగారు మంచం పట్టెమీద కూర్చుని, చెయ్యి పట్టుకోనా అమ్మా అని పిల్లను అడిగి, అది తలూపాకే నాడి చూశారు. తర్వాత అమ్మమ్మను ఒక్కటే అడిగారు, ఆసుపత్రంటే భయం ఎందుకని. ముసలామె ఆ మాట కోసమే కాచుకున్నట్టు మొదలుపెట్టింది.

నలభై నాలుగేళ్ళ కిందట ఆమెకు ఇరవై ఏళ్ళు. తొలికాన్పుకు ఆ ఆసుపత్రికే వెళ్ళింది. తల్లిని బయట ఆపేసి, ఆమెను ఒక్కదాన్నీ లోపల ఇనప బల్ల ఎక్కించారు. ఆఖరికి ఓపిక చచ్చి కాళ్ళు ముడుచుకుంటే ఒక పడుచు నర్సు తొడలమీద కొట్టింది, చెంపమీద కొట్టింది, ఒక మాట అంది. ఆ మాట ఏమిటో మనవరాలి ముందు చెప్పనంది ముసలామె. ఆడపిల్ల పుట్టింది, నిక్షేపంగా ఉంది. పక్క మంచాల వాళ్ళంతా ఆ నర్సు చేతి చలవే అన్నారట.

"సులోచన దాని పేరు. తెల్లటోపీ ఎట్టుకుని సన్నగా ఉండీది. నా పేరు మర్సిపోతానేమో గాని దాని పేరు మర్సిపోను," అంది.

ఝాన్సీ చప్పున గురువుగారి వైపు తిరిగింది. తెల్లబడిన జుట్టు, లావుపాటి కళ్ళద్దాలు, బరువెక్కిన ఒళ్ళు. ఆ తెల్లటోపీ పడుచును అందులో వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. సులోచనగారు మళ్ళీ పిల్ల మణికట్టు పట్టుకుని గడియారం వంక చూస్తున్నారు. నాడి చూడటం ఇందాకే అయిపోయింది.

రెండో కాన్పు సంగతికి వచ్చేసరికి ముసలామె ముఖం విచ్చుకుంది. అది పుట్టింట్లో జరిగింది. ఊరి పక్క పారే గెడ్డ అవతలి నుంచి ఒక ముసలి మంత్రసానిని పిలుచుకొచ్చారు. ఆమె తొందరపడలేదు, తొందర పెట్టలేదు. వేణ్ణీళ్ళలో చేతులు కాచుకుని గాని ముట్టుకోలేదు. నడుముకు ఆముదం రాసింది, గంజి తాగించింది, వాకిట్లో అటూ ఇటూ నడిపించింది, నొప్పి వచ్చినప్పుడల్లా తన గుండెకు ఆనించుకుని కూర్చోబెట్టింది. ఏడుపొస్తే ఏడవమంది. అది నా ఈపు నిమిరితే నొప్పిలో సగం దానికెల్లిపోనాదా అనిపించీది అని చెబుతూ ముసలామె నవ్వింది. ఎనిమిది మంది పిల్లల్ని కన్నా ఆ రోజు లాంటి రోజు మళ్ళీ రాలేదట. ఆమె పేరేమిటని ఝాన్సీ అడిగింది. ముసలామె ఆలోచించి, పేరేటో అడగనేదు తల్లీ అంది.

లోకం తీరు ఇలాగే ఏడుస్తుంది. ప్రాణంలా చూసుకున్నదానికి పేరు లేదు. కొట్టినదాని పేరు నలభై నాలుగేళ్ళయినా నోట్లో ఆరలేదు.

తర్వాత సంగతి ముసలామె తల వంచుకుని, పిక్కలు తీస్తూనే చెప్పింది. ఆసుపత్రిలో పుట్టిన ఆ ఆడపిల్ల పైడితల్లి. పెరిగింది, పెళ్ళయింది, పురిటికి పుట్టింటికి వచ్చింది. ఒక పగలూ ఒక రాత్రీ గడిచినా బిడ్డ దిగలేదు. గెడ్డ అవతలి మంత్రసాని అప్పటికే లేదు. ఊరంతా ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు, జీపు కూడా వాకిట్లోకి వచ్చింది. తల్లి జీపుకు అడ్డంగా నిలబడింది. ఆ సులోచన చేతికి నా పిల్లనివ్వనంది. తెల్లారాక బిడ్డ పుట్టింది, ఆ వెనకే రక్తం మొదలై ఆగలేదు. మధ్యాహ్నానికి పైడితల్లి పోయింది. ఆ బిడ్డే ఈ నూకరత్నం.

"జీపుని నానే ఆపినాను," అంది ముసలామె. ఏడవలేదు. ఆ ఏడుపు ఎప్పుడో అయిపోయింది.

దెబ్బ కొట్టి బతికించిన బిడ్డ ఇరవై రెండేళ్ళకు ఆ దెబ్బకే చచ్చిపోయిందని ఝాన్సీకి అర్థమయింది. ఏ ఆసుపత్రి రిజిస్టరులోనూ ఆ చావు ఆ దెబ్బ కింద రాసి ఉండదు. అందులో తల్లీబిడ్డా క్షేమం అనే ఉంటుంది.

కాసేపటికి ముసలామె తల ఎత్తి, ఆ సులోచన ఇంకా అక్కడే ఉందా అని అడిగింది.

"లేదమ్మా. పోయింది," అన్నారు సులోచనగారు. చాలా ఏళ్ళయిందని కూడా చెప్పారు.

ముసలామె చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మరికాస్త చింతపండు అందుకుని పిక్క తీసింది.

"ఇంకాస్త ముందే పోయుంటే నా కూతురుండీది."

గురువుగారి ముఖంలో ఏదో ఒకటి కనిపిస్తుందని ఝాన్సీ చూసింది. ఏమీ కనిపించలేదు. ఆ రాతి ముఖం చూస్తే ఆమెకు కోపం కూడా వచ్చింది. సులోచనగారు గొంతు సవరించుకుని, ఆమె లేదు గనక ఇప్పుడు పిల్లను పంపవచ్చు గదా, కాన్పు గదిలోకి మీరు కూడా రావచ్చు, ఎవరు కాదన్నా నేను రానిస్తాను అన్నారు. మంచం మీది పిల్ల అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. ముసలామె చాలాసేపు ఆలోచించి, సరేనంది.

మరో పన్నెండు రోజులకు, పొద్దున్నే నొప్పులతో వచ్చారు. వార్డులో తన పేరు ఎవరి నోటా రాకూడదని సులోచనగారు ముందే కట్టడి చేశారు. కాన్పు గదిలోకి బంధువుల్ని రానివ్వరాదన్న నిబంధన మీద పెద్ద డాక్టరుతో పోట్లాడి, ముసలామెను లోపలికి తెచ్చారు. ఝాన్సీని పిల్ల పక్కన కూర్చోబెట్టి, నోరు మూసుకుని చెయ్యి పట్టుకోవడమే నీ పని అన్నారు. పదకొండేళ్ళ సర్వీసులో ఝాన్సీకి అంత కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. సులోచనగారు చేతులు వేణ్ణీళ్ళలో కాచుకున్నారు. ముట్టుకున్న ప్రతిసారీ ముందు పిల్లను అడిగారు. నడుము నిమిరారు, నడిపించారు, చెంచాతో గంజి పట్టారు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నవో ముసలామె గుర్తుపట్టిందో లేదో గాని, చూస్తూ చూస్తూ కళ్ళొత్తుకుంది.

పదకొండు గంటలకు నూకరత్నం కూడా ఆ తొలిచూలు పిల్లలాగే ముక్కడం ఆపేసింది. నా వల్ల కాదు, చచ్చిపోతాను అంటూ మోకాళ్ళు ముడుచుకుంది. గుండె చప్పుడు తగ్గుతోంది. ఝాన్సీ చెయ్యి తనకు తెలియకుండానే లేచింది. సులోచనగారు ఆ చేతిని గాలిలోనే పట్టుకుని, తీసుకెళ్ళి పిల్ల వీపుమీద ఆనించారు. తర్వాత పిల్ల చెవి దగ్గరికి వంగి, ఏడువు తల్లీ, తప్పులేదు, నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను అన్నారు. మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒక కాలు ముసలామె భుజానికి ఆనించారు. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు తెరిపిన పడ్డాక తనంతట తానే ముక్కింది. డాక్టరు లోపలికి అడుగుపెట్టేసరికి ఆడపిల్ల పుట్టింది.

ఆ వెనకే రక్తం పోవడం మొదలయింది. ముసలామె గోడకు అంటుకుపోయింది. అది ఎలాంటి రక్తమో ఆమెకు చెప్పక్కర్లేదు. సులోచనగారి అరచెయ్యి పిల్ల పొట్టమీంచి కదలలేదు, డాక్టరు సూదులు వేశారు, రక్తం సీసా ఎక్కించారు. పావుగంటకు రక్తం ఆగింది. పైడితల్లికి ఆగనిది ఈ గదిలో ఆగింది. ఇరవై రెండేళ్ళ కిందట జీపు వాకిట్లోనే ఉంది.

మధ్యాహ్నం ముసలామె వచ్చి సులోచనగారి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"ఏ తల్లి కన్నాదో నిన్ను. నీ పేరు సెప్పమ్మా. ఈ బిడ్డకి నీ పేరే ఎట్టుకుంటాం."

సులోచనగారు పొత్తిళ్ళలోని బిడ్డను చాలాసేపు చూశారు. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేకపోయారు. ఆఖరికి, మీ అమ్మాయి పేరు పెట్టుకోండి, పైడితల్లి అని పిలుచుకోండి అన్నారు. ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే మళ్ళీ పేరడిగింది. అవతల ఇంకో మనిషి నొప్పులు పడుతోందని సులోచనగారు ఇవతలికి వచ్చేశారు. అవతల ఎవరూ లేరు.

ఝాన్సీ వెనకే వచ్చింది. కొళాయి దగ్గర గురువుగారు చేతులు కడుక్కుంటున్నారు, శుభ్రంగా ఉన్న చేతులనే కడుక్కుంటున్నారు. ఝాన్సీకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇంత చేశాక కూడా చచ్చిపోయినదానిలాగే ఉండిపోతారా అని, ఇప్పుడు చెబితే ఆ ముసలామె తప్పకుండా క్షమించేదని, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదని గబగబా అనేసింది.

సులోచనగారు కొళాయి కట్టేశారు.

"క్షమిస్తే నా బరువు తగ్గుతుంది. ఆ పసిదాన్ని ఎత్తుకున్నప్పుడల్లా ఆవిడ నన్ను మొయ్యాలి. ఆ ఇంట్లో ఒకసారి గుర్తుండిపోయాను ఝాన్సీ, చాలు."